అంగిలి వెడల్పు చేసే చికిత్సలో పాడే పిల్ల గొంతు: ఒక కేసు వివరాలు

అమ్మాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, మా దగ్గరికి వచ్చేనాటికి వర్ణాల్లో ఉంది. తీసుకొచ్చింది మాత్రం పళ్ల కోసం. పై కోరపళ్లు రెండూ చోటు చాలక చిగురు పైన ఎత్తుగా పొడుచుకొచ్చాయి. నోరు మూసేటప్పుడు కింది దవడ కుడివైపుకి జరిగి మూసుకుంటోంది. రాత్రిళ్లు నోరు తెరుచుకునే పడుకుంటుందని తల్లి చెప్పారు. పాటలో ఊపిరి తీసుకునే చప్పుడు గట్టిగా వినిపిస్తోందని సంగీతం టీచర్ గారు ఎప్పటినుంచో అంటున్నారట. తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నాను. అమ్మాయి ఎవరో తెలిసే వివరాలు వదిలేశాను.

పరీక్షలో కనిపించింది

పై దవడ ఇరుకు. అంగిలి ఎత్తుగా, సన్నగా ఉంది. కింది దవడతో సరిపోల్చి కొలిస్తే పై దవడ వెనక పళ్ల దగ్గర ఆరేడు మిల్లీమీటర్లు తక్కువ. కుడివైపు పై పళ్లు కింది పళ్లకి లోపలిగా పడుతున్నాయి, అంటే క్రాస్‌బైట్. అసలు ఇరుకు రెండు వైపులా ఉంది. పిల్ల సౌకర్యం కోసం దవడని ఒక పక్కకి జరుపుకోవడంతో ఒకవైపే ఉన్నట్టు కనిపిస్తోంది. దీన్ని ఇలాగే వదిలేస్తే దవడ పక్కకి పెరిగే ప్రమాదం ఉంది.

ఈఎన్‌టీ డాక్టరు గారు అంతకుముందే చూశారు. అలర్జీ వల్ల ముక్కు దిబ్బడ ఉంది, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే మెత్తని కణజాలం) కొద్దిగా పెద్దవిగా ఉన్నాయి, ఆపరేషన్ అక్కర్లేదని ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు.

ఇలాంటి పిల్లల్లో కొండనాలుక చూడకుండా నేను ముందుకి వెళ్లను. కొండనాలుక రెండుగా చీలి ఉన్నా, గట్టి అంగిలి వెనక అంచున వేలికి గంటు తగిలినా, పైకి కనిపించని అంగిలి చీలిక ఉందేమోనని అనుమానించాలి. అలాంటివాళ్లలో అంగిలి వెడల్పు చేసినా, ఎడినాయిడ్స్ తీసినా మాట ముక్కులోంచి వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి లెక్కలన్నీ మారిపోతాయి. ఈ అమ్మాయికి అవేవీ లేవు. మెత్తని అంగిలి "ఆ" అన్నప్పుడు చక్కగా పైకి లేస్తోంది.

ఎక్స్‌పాండర్, అంటే అంగిలిని స్క్రూతో మెల్లగా వెడల్పు చేసే పరికరం, పెట్టాలని చెప్పగానే తల్లి అడిగారు: "ఇది పెడితే పిల్ల గొంతు పాడైపోదు కదండీ? పాట మానిపించాల్సి వస్తే పళ్లు అలాగే ఉన్నా ఫర్వాలేదు డాక్టరు గారూ."

"ఏం కాదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసే ప్రశ్న కాదిది. ఆవిడ మనసులో ఉన్నది ఒకటే భయమైనా, దాని వెనక వేర్వేరు సంగతులున్నాయి. అవి విడివిడిగా చెబితేనే ఆ ఇంట్లోవాళ్లు సరైన నిర్ణయం తీసుకోగలరు.

స్క్రూ తాకేది దేన్ని, తాకనిది దేన్ని

శ్రుతి పుట్టేది స్వరపేటికలో. స్వరతంత్రులు సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తే అంత శ్రుతి. పుట్టిన నాదం గొంతు, నోరు, ముక్కు గుండా బయటికి వస్తూ అక్కడి ఖాళీల ఆకారాన్ని బట్టి కొన్ని చోట్ల పుంజుకుంటుంది, కొన్ని చోట్ల తగ్గుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఫాంట్ 1960లో ప్రచురించిన గ్రంథంతో స్థిరపడిన సిద్ధాంతం ఇదే. తల్లికి వీణతో చెప్పాను: తీగ వేరు, కుండ వేరు. మేం చేసేది తీగ జోలికి పోదు. కుండ లోపలి గోడని కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుపుతుంది.

అంగిలి నోటికి పైకప్పు అయితే ముక్కుకి నేల. పై దవడ రెండు ఎముకలుగా ఉండి అంగిలి మధ్యలో అతుక్కుంటుంది. పెరిగే వయసులో ఆ అతుకు ఇంకా గట్టిపడదు కాబట్టి స్క్రూతో మెల్లగా విడదీయవచ్చు, విడిన చోట కొత్త ఎముక పడుతుంది. 1860లోనే అమెరికాలో ఎమర్సన్ ఏంజెల్ అనే దంతవైద్యుడు పద్నాలుగేళ్ల అమ్మాయికి ఇలా చేసినట్టు రాశారు. అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువ. 1961లో ఆండ్రూ హాస్ రాసిన వ్యాసం తర్వాతే ఈ పద్ధతి మళ్లీ నిలదొక్కుకుంది. మేం వాడిన హైరాక్స్ రకం 1968లో బీడర్‌మన్ తెచ్చింది. ఇందులో అంగిలి మీద ప్లాస్టిక్ పలక ఉండదు. వెనక పళ్లకి తొడిగే బ్యాండ్లు, తీగలు, మధ్యలో స్క్రూ, అంతే. పాడేవాళ్లకి నేను ఇదే ఎంచుకుంటాను, నాలుకకి చోటు ఎక్కువ మిగులుతుంది.

విడిపోయేటప్పుడు అతుకు ముందు పళ్ల దగ్గర ఎక్కువగా, వెనక్కీ పైకీ వెళ్లేకొద్దీ తక్కువగా తెరుచుకుంటుంది. అందుకే ముక్కు లోపల దక్కే వెడల్పు స్క్రూ తెరిచినంత ఉండదు, అందులో కొంత భాగమే. అయినా ముక్కులో దారి అసలే ఇరుగ్గా ఉన్న పిల్లకి ఆ కొంచెమే ఊపిరిలో తేడాగా తెలియవచ్చు.

మొదలుపెట్టే ముందు రికార్డింగ్

పాడే పిల్ల అయితే పళ్ల అచ్చులు తీసుకున్నట్టే గొంతు రికార్డింగ్ కూడా తీసుకోవాలి. మొదట్లో ఎలా ఉందో దాఖలా లేకపోతే తర్వాత ఎవరేమన్నా తేల్చడానికి ఆధారం ఉండదు. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఫ్యాన్ ఆపేసిన గదిలో ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో, ప్రతిసారీ అదే చోట పెట్టి, శబ్దాన్ని కుదించని పద్ధతిలో రికార్డు చేశాం. విశ్లేషణకి ప్రాట్ వాడాం. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది.

ఆ, ఈ, ఊ అచ్చులు నిలిపి పలికించాం. తర్వాత వాక్యాలు. "సాయంత్రం సీత చల్లని చెరుకు రసం తాగింది" అన్నది స, చ అక్షరాల కోసం. "గుళ్లో గంట, పళ్లెంలో అటుకులు" అన్నది ట, ళ కోసం. "మా అమ్మానాన్నా మామిడి పండ్లు తిన్నారు" అంటే ముక్కులో ఎంత పలుకుతుందో తెలుస్తుంది. "కాకి తోక, పిల్లి చెవి, చీర కుట్టు"లో ముక్కు అక్షరం ఒక్కటీ లేదు కాబట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది. చివర్లో సరళీ స్వరాలు ఒకసారి సరిగమలతో, ఒకసారి అకారంతో. పాడే శ్రుతి ఐదున్నర, అంటే షడ్జం 208 హెర్ట్జ్ దగ్గర. మామూలు మాట 235 హెర్ట్జ్ చుట్టూ ఉంది.

ఇదంతా రెండు వేర్వేరు రోజుల్లో తీశాం. ఒకే పిల్ల గొంతు సోమవారం ఒకలా, గురువారం ఇంకోలా ఉంటుంది. ఆ సహజమైన తేడా ఎంతో తెలిస్తేనే చికిత్స తెచ్చిన తేడాని దానితో బేరీజు వేయగలం.

ఆ రికార్డింగ్‌లో ఒక సంగతి బయటపడింది. "మా అమ్మానాన్నా" వాక్యంలో మ, న రెండూ మొద్దుబారి, జలుబు చేసిన గొంతులా వినిపించాయి. మకారం బకారం వైపుకి జారుతోంది. ముక్కులోంచి గాలి సరిగా పోనివాళ్లకి ఇలాగే ఉంటుంది. రోజూ వినే ఇంట్లోవాళ్లు అది ఆ పిల్ల గొంతు తీరే అనుకున్నారు.

ఎప్పుడు పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. జనవరిలో త్యాగరాజ ఆరాధనలో గోష్ఠిగానానికి అమ్మాయి పేరు ఇచ్చి ఉంది. ఒకట్రెండు నెలల కోసం ఆ సంబరం చెడగొట్టాల్సినంత తొందర వైద్యపరంగా లేదు. అలాగని ఏడాది, రెండేళ్లు వాయిదా వేయడానికీ ఒప్పుకోలేదు, వయసు పెరిగేకొద్దీ అతుకు బిగుస్తుంది. ఆరాధన అయిన వారం పెట్టాం.

సరిగమల్లో ఏది చెడింది, ఏది చెడలేదు

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. సంగీతం నేర్పేవాళ్లకి పనికొచ్చే భాగం ఇదే.

ఎక్స్‌పాండర్ బిగించిన సాయంత్రం అమ్మాయిని క్లినిక్‌లోనే పాడమన్నాను. నోటి నిండా లాలాజలం, మింగితే చప్పుడు. సకారం షకారానికి దగ్గరగా, పక్కల నుంచి గాలి జారుతూ వచ్చింది. సకారం పలకాలంటే నాలుక అంచులు రెండు వైపులా పై పళ్ల లోపలి అంచుకి ఆని, మధ్యలో సన్నని కాలువలా గాలిని ముందుకి పంపాలి. ఆ అంచులు ఆనే చోటే బ్యాండ్లు, తీగలు ఉన్నాయి. "ని", "రి" ఇంకా ఇబ్బంది పెట్టాయి. నకారం, రకారం కారణం కాదు. నాలుక కొన పళ్ల వెనకే ఆడుతుంది, అక్కడ ఖాళీ ఉంది. ఇబ్బంది ఇకారంతో వచ్చింది. ఇ, ఈ పలికేటప్పుడు నాలుక నడుము అంగిలి దాకా లేవాలి, సరిగ్గా అక్కడే స్క్రూ అడ్డం. "ద" కాస్త ముద్దగా వచ్చింది. "గ" నోటి వెనక పుడుతుంది, "మ", "ప" పెదాల మీద పుడతాయి. ఆ మూడూ మొదటి రోజే శుభ్రంగా ఉన్నాయి.

అకారంతో పాడమంటే మాత్రం ఎప్పటి పాటే. శ్రుతి కదల్లేదు, గమకం కదల్లేదు, తారస్థాయి అందుకోవడంలో తేడా లేదు. ఆ అన్నప్పుడు నాలుక కిందికి ఉంటుంది, స్క్రూతో దానికి పని లేదు. ఆ రెండూ పక్కపక్కన విన్నాక తల్లి మొహంలో కంగారు చాలా వరకు తగ్గింది. "కాకీక కాకికి కాక కేకికా" అనమంటే అమ్మాయి తడబడకుండా అనేసి నవ్వింది. "ఎర్ర లారీ తెల్ల లారీ" దగ్గర నాలుక మడతపడింది.

అన్నిటికంటే మొండికేసింది ళకారం. ట, డ, ణ, ళ పలకడానికి నాలుక కొన పైకి మడిచి అంగిలిని తాకాలి. వేళ్లు, కళ్లు, పళ్లెం, గుళ్లు అంటూ ళకారం లేకుండా పూట గడవని భాష మనది. ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల మీద జరిగిన పరిశీలనల్లో సకారం, ఈకారాల ప్రస్తావనే ఎక్కువ కనిపిస్తుంది. తెలుగు పిల్లలకి చికిత్స చేసే ఆర్థోడాంటిస్టులు (పళ్ల వరస, దవడ సరిచేసే వైద్యులు) వాటితో పాటు ట, ళ కూడా వినాలి.

టీచర్ గారికి ఒక చీటీ రాసి పంపాను. మొదటి నెల సాధన అకారంలో ఎక్కువగా చేయించమని, సరిగమలతో అయితే మొదటి కాలం దాటొద్దని, మాట స్పష్టంగా రాలేదని గట్టిగా పాడించొద్దని అందులో ఉంది. ఇంట్లో రోజూ కాసేపు పేపర్ బయటికి చదవమన్నాం. స్పీచ్ థెరపిస్టు గారు సకారానికి, ళకారానికి కొన్ని అభ్యాసాలు ఇచ్చారు.

కీ తిప్పిన రెండు వారాలు

స్క్రూ తెరవడానికి కీని ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి తిప్పాలి. ఒక్కో తిప్పుకి పావు మిల్లీమీటరు. అమ్మాయి తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటే, తండ్రి ఫోన్ లైటు వేసుకుని ముందు నుంచి వెనక్కి కీ తిప్పేవారు. కీ గొంతులోకి జారకుండా దానికి కట్టిన దారం ఆయన మణికట్టుకి చుట్టుకునేవారు. తిప్పిన కాసేపు ముక్కు మొదట్లో, బుగ్గల దగ్గర ఒత్తిడిగా ఉందనేది.

మొదటి వారం ముగిసేలోపే పై ముందు పళ్ల మధ్య సందు కనబడింది. అతుకు తెరుచుకుంటోందనడానికి గుర్తు అది, ముందే చెప్పి ఉంచాం కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. రెండు వారాలకి స్క్రూ 7 మిల్లీమీటర్లు తెరిచింది, సందు 3 మిల్లీమీటర్లు దాటింది. సకారంలో ఈలలాంటి చప్పుడు చేరింది. బడిలో ఒకరిద్దరు దాన్ని అనుకరించి ఏడిపించడంతో అమ్మాయి ప్రార్థనలో పాడటం మానేసింది. టీచర్ గారు తన క్లాసులో అందరికీ అకార సాధన పెట్టి, ఈ పిల్ల ఒక్కతే వేరుగా ఉందనిపించకుండా చేశారు. ఆ పని నా చేతుల్లో లేనిది, ఆవిడకి రుణపడి ఉన్నాను.

కొలతల్లో చూస్తే, బిగించిన మర్నాడు ఈకారం రెండో ఫార్మెంట్ (నోటి ఆకారాన్ని బట్టి నాదం పుంజుకునే చోట్లని ఫార్మెంట్లు అంటారు) సుమారు 3,000 హెర్ట్జ్ నుంచి 2,750కి పడింది. నాలుక పైకి లేవలేకపోతోందని దానర్థం. నెల తిరిగేసరికి 2,930. నాలుక కొత్త దారి వెతుక్కుంది. సకారం కూడా అప్పటికి దాదాపు సర్దుకుంది. ళకారానికి ఇంకో మూడు వారాలు పట్టింది. మాట్లాడే శ్రుతిలో ఏ దశలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు.

బొంగురు వచ్చినప్పుడు

రెండో నెల మొదట్లో టీచర్ గారు ఫోన్ చేశారు. "పిల్ల గొంతు బరువెక్కిందండీ. పై షడ్జం దగ్గర పొడిగా వస్తోంది. ఆ క్లిప్పు వల్లేనా?" ఇంట్లోవాళ్లు అప్పటికే క్లిప్పే కారణమని నిర్ణయానికొచ్చేశారు, తీయించేద్దామా అని తండ్రి అడిగారు.

వాళ్లు క్లిప్పు అంటున్న ఎక్స్‌పాండర్ అంగిలి మీద ఉంది, స్వరతంత్రులు చాలా కింద. బొంగురుకి కారణం కిందే ఉండాలి. అయినా ఊహించి వదిలేయకుండా ఈఎన్‌టీ దగ్గరికి పంపాం. స్కోప్‌తో చూస్తే తంత్రుల అంచులు కొద్దిగా ఎర్రబడి, వాచి ఉన్నాయి. కణుతులేమీ లేవు. థెరపిస్టు గారు అమ్మాయి పాడేటప్పుడు దవడ చూడమన్నారు. చూస్తే పళ్లు బిగించి, మెడ నరాలు తేలేలా పాడుతోంది. బడిలో జరగబోయే పోటీ కోసం ఇంట్లో తనకు తానే సరిగమలు రెండో కాలంలో, స్పష్టంగా రావాలని గట్టిగా సాధన చేసుకుంటోందట. పైగా ఆ వారంలో జలుబు, దగ్గు.

అంటే ఎక్స్‌పాండర్ తంత్రులకి నేరుగా ఏమీ చేయలేదు. అది చెడగొట్టిన ఉచ్చారణని బలంతో సరిదిద్దుకోవాలని పిల్ల చేసిన ప్రయత్నమే వాటిని ఇబ్బంది పెట్టింది. ఈ తేడా తల్లిదండ్రులకి తెలియాలి. తెలియకపోతే క్లిప్పు తీయించేసి, గొంతు మీద ఒత్తిడి మాత్రం అలాగే ఉంచేస్తారు. వారం రోజులు పాట పూర్తిగా ఆపించాం. నీళ్లు ఎక్కువ తాగమన్నాం. తర్వాత దవడ వదులుగా ఉంచి, మెల్లని గొంతుతో మధ్యస్థాయిలో అకారం. మూడో వారానికి పై షడ్జం మళ్లీ మామూలుగా పలికింది. నోట్లో క్లిప్పు ఉండగానే.

తీసిన తర్వాత

తెరిచిన అతుకులో ఎముక పడేదాకా స్క్రూని కదలకుండా అలాగే ఉంచాలి. ఆరు నెలలు ఉంచాం. ముందు పళ్ల మధ్య సందు ఈలోగానే దానంతటదే మూసుకుంది, ఈల పోయింది. తీసేశాక అంగిలికి అడ్డంగా ఉండే తీగ బదులు రాత్రిళ్లు మాత్రమే పెట్టుకునే ప్లేటు ఇచ్చాను. పగలు నాలుక ఖాళీగా ఉండాలన్నదే ఉద్దేశం. తీసిన మొదటి రెండు రోజులు అమ్మాయికి నోరు మరీ వెడల్పుగా, "ఎవరిదో నోరులా" అనిపించిందట. సకారం మళ్లీ కొంచెం తడబడి, వారంలో కుదురుకుంది.

రికార్డింగ్‌లన్నీ పోల్చి చూశాం. ఈకారం రెండో ఫార్మెంట్ 2,970 దగ్గర, చికిత్సకి ముందు రికార్డు చేసిన రెండు రోజుల మధ్య తేడా పరిధిలోనే ఉంది. ఆకారం మొదటి ఫార్మెంట్ ఓ 20 హెర్ట్జ్ తగ్గింది, అదీ ఆ పరిధిలోదే. పైగా ఆ ఏడు పిల్ల బాగా పొడుగైంది. గొంతు నుంచి పెదాల దాకా ఉన్న దారి పెరిగితే ఫార్మెంట్లు వాటంతటవే తగ్గుతాయి. పెరిగే పిల్లల్లో చిన్న తేడాలు కనిపిస్తే అంగిలి ఖాతాలో వేసేయకూడదు. అదే వయసు మగపిల్లలైతే గొంతు విరిగే కాలం కూడా కలిసొస్తుంది కాబట్టి మరీ జాగ్రత్తగా ఉండాలి.

చెవికి స్పష్టంగా తెలిసిన మార్పు ఒక్కటే: "మా అమ్మానాన్నా" వాక్యంలో మ, న తేటపడ్డాయి. పెదాలు మూసి హమ్ చేస్తే ముక్కు దగ్గర వేలికి తగిలే కంపనం పెరిగిందని అమ్మాయే కనిపెట్టి చూపించింది. పాటలో ఊపిరి చప్పుడు తగ్గిందన్నారు టీచర్ గారు, నిద్రలో పెదాలు మూసుకుంటున్నాయన్నారు తల్లి. ఇందులో అంగిలి వెడల్పు వాటా ఉందని నమ్ముతున్నాను. అయితే ముక్కు స్ప్రే కూడా ఆ నెలలన్నీ వాడారు, ఎడినాయిడ్స్ ఈ వయసులో సహజంగానే కుంచించుకుపోతాయి. అందుకని మొత్తం ఘనత స్క్రూకి ఇవ్వను.

ఈమధ్య "అంగిలి వెడల్పు చేయించుకుంటే గొంతు గంభీరమవుతుంది, పాట మెరుగవుతుంది" అనే ప్రకటనలు చూసి పెద్దవాళ్లు కూడా వస్తున్నారు. పళ్ల అమరికలో, దవడలో లోపం లేనివాళ్లకి గొంతు కోసం ఈ చికిత్స చేయడం నేను ఒప్పుకోను. పెద్దవాళ్లలో అతుకు బిగుసుకుని ఉంటుంది. అంగిలి ఎముకలోకి చిన్న స్క్రూలు బిగించి వాటి ఆధారంతో తెరవాలి, కొందరికి ఆపరేషన్ కావాలి. నాలుక సర్దుకునేదాకా పట్టే కాలమే పాటగాళ్లకీ, వార్తలు చదివేవాళ్లకీ, డబ్బింగ్ చెప్పేవాళ్లకీ, వేదపాఠశాల విద్యార్థులకీ పెద్ద నష్టం. అవసరం ఉన్నవాళ్లు తప్పక చేయించుకోవాలి, అయితే ముఖ్యమైన కచేరీ, పరీక్ష, ఒప్పందం ఏవైనా ఉంటే కనీసం రెండు నెలల ఎడం ఉండేలా తేదీ పెట్టుకోవాలి. అంగిలి చీలికకి చిన్నప్పుడు ఆపరేషన్ అయినవాళ్లకి వెడల్పు చేసేటప్పుడు పాత కుట్టు దగ్గర రంధ్రం తెరుచుకుని మాట ముక్కులోంచి రావచ్చు. వాళ్ల విషయంలో ఆర్థోడాంటిస్టు ఒక్కరే నిర్ణయం తీసుకోకూడదు. ఆపరేషన్ చేసిన సర్జన్, స్పీచ్ థెరపిస్టు ఇద్దరూ ఉండాలి.

అమ్మాయికి ఇప్పుడు క్లిప్పులు నడుస్తున్నాయి. దవడ మధ్యలోనే మూసుకుంటోంది, కోరపళ్లు రెండూ వరసలోకి దిగాయి. ఇవి పళ్ల బయటివైపు బిగించినవి కాబట్టి నాలుకకి ఇబ్బంది లేదు, పెదాలకి మాత్రం మొదట్లో ఒరుసుకున్నాయి, మైనం వాడింది. మిగతా చికిత్స పూర్తయ్యాక అవే వాక్యాలు, అవే స్వరాలు మరోసారి రికార్డు చేస్తాం.